పేట ఈత పోటీలు, ఒక లాప్‌టాప్: సాఫ్ట్‌వేర్ ఎంపికలోనూ వాడకంలోనూ నా అనుభవం

అమెరికాలో చాలా పేటలకు సొంత ఈత కొలను, దానితో పాటు ఒక వేసవి జట్టు ఉంటాయి. బడులకు సెలవులిచ్చిన వారాల్లో ఈ జట్లు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. కోచ్‌లు జీతానికి పనిచేస్తారు కానీ, టైమర్ల పని మొదలుకొని రిబ్బన్ల పంపకం వరకు మిగిలిన బాధ్యతలన్నీ తల్లిదండ్రులవే. నార్త్ కరోలినాలో మేముంటున్న పేట జట్టులో మా పిల్లలు చేరాక నాకు దక్కింది కంప్యూటర్ బల్ల. అంతకుముందు ఆ పని చూసిన పెద్దమనిషి వేరే ఊరికి తరలిపోతూ ఒక పాత లాప్‌టాప్‌ను అప్పగించి, పేర్లు, సమయాలు, పాయింట్లు చూసుకునే అందులోని ప్రోగ్రామ్‌నే కొనసాగించాలా, కొత్తది తీసుకోవాలా అన్నది కూడా నన్నే తేల్చుకొమ్మన్నారు.

చూడగా ఎంచుకోవడానికి ఎక్కువేమీ లేవు. అమెరికా క్లబ్బుల్లో దీర్ఘకాలంగా పాతుకుపోయినది హై-టెక్ మీట్ మేనేజర్. అది విండోస్ మీద మాత్రమే నడుస్తుంది. పోటీ సమాచారమంతా మన లాప్‌టాప్‌లోనే ఒక డేటాబేస్ ఫైలుగా ఉంటుంది. స్విమ్‌టోపియా వెబ్‌సైటులో పేర్లు నమోదు చేసుకునే జట్లు దానికి అనుబంధమైన మీట్ మాయెస్ట్రోను వాడతాయి. అది మ్యాక్ మీద కూడా పనిచేస్తుంది. యూరప్‌లో బాగా వాడుకలో ఉన్న స్ప్లాష్ మీట్ మేనేజర్‌ను కూడా పరిశీలించాను. దాని తెరలు నాకు అన్నిటికన్నా నచ్చాయి, కానీ మా చుట్టుపక్కల జట్లలో దాన్ని వాడేవారు ఒక్కరూ లేరు.

ఎంపికను తేల్చింది కూడా ఆ చివరి సంగతే. మా ఈత పోటీ రెండు జట్ల మధ్య జరుగుతుంది గనుక, ఎదుటి జట్టు పంపిన ఎంట్రీల (ఎవరు ఏ పోటీలో ఈదుతారన్న వివరాల) ఫైలు మన దగ్గర తెరుచుకోకపోతే శుక్రవారం రాత్రి కూర్చుని వందకు పైగా పేర్లను చేత్తో ఎక్కించుకోవలసిందే. ఏ ప్రోగ్రామ్‌లో ఎన్ని సౌకర్యాలున్నాయో పోల్చి చూపే పట్టికలు ఈ విషయంలో ఎందుకూ కొరగావు. పొరుగు జట్లు ఏది వాడుతున్నాయి, మన దగ్గరున్న స్టాప్‌వాచీల నుంచి సమయాలను అది నేరుగా తీసుకోగలదా, కొలను గట్టున ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుందా అని విచారిస్తే చాలు. మా లీగ్‌లో అత్యధిక జట్లు హై-టెక్ మీట్ మేనేజర్‌నే వాడుతున్నందున, తెరలు పాతకాలపువిగా అనిపించినా నేను దానితోనే ఉండిపోయాను.

మొదటి అమరికలకు పెద్దగా సమయం పట్టదు: కొలను పొడవు 25 గజాలు, లేన్లు (ఒక్కొక్కరు ఈదే వరుసలు) ఆరు, వ్యక్తిగత పోటీల్లో మొదటి మూడు స్థానాలకు పాయింట్లు 5, 3, 1. వయసు లెక్కించే తేదీని మాత్రం రెండుసార్లు సరిచూసుకోవాలి. మా లీగ్‌లో అది జూన్ 1. ఆ గడిలో పోటీ జరిగే రోజును వేస్తే, జూన్‌లో పుట్టినరోజు వచ్చిన పిల్లలందరూ ఏడాది పెద్దవారైపోయి, కొందరు పై వయోవర్గంలోకి జారుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పడింది పేర్ల దగ్గర. మీట్ మేనేజర్ ఈతగాళ్లను గుర్తుపట్టడానికి అమెరికా స్విమ్మింగ్ సంఘం ఏళ్ల తరబడి వాడిన పద్ధతిలో ఒక గుర్తింపు సంఖ్యను కూర్చుకుంటుంది. అందులో వరుసగా పుట్టిన నెల, రోజు, సంవత్సరం, అసలు పేరులోని తొలి మూడు అక్షరాలు, మధ్య పేరు పొడి అక్షరం, ఇంటిపేరులోని తొలి నాలుగు అక్షరాలు ఉంటాయి. మధ్య పేరు లేనివారికి ఆ చోట ఒక నక్షత్రపు గుర్తు (*) పడుతుంది. తెలుగువారి ఇళ్లలో ఈ పద్ధతి తడబడుతుంది. ఒక పత్రంలో తండ్రి అలవాటు కొద్దీ ఇంటిపేరును ముందు రాస్తే, మరుసటి ఏడు తల్లి పాస్‌పోర్టులో ఉన్న క్రమంలో రాస్తుంది. వెంకట సాయి వంటి పేర్లలో సాయి ఒకసారి మధ్య పేరు అవుతుంది, మరొకసారి మొదటి గడిలోనే కలిసిపోతుంది. ఫలితంగా ఒకే పిల్లవాడు ప్రోగ్రామ్ దృష్టిలో ఇద్దరవుతాడు: ఒకరికి నిరుటి సమయాలు ఉంటాయి, రెండోవారికి ఏమీ ఉండవు. అందుకే సీజన్ మొదలుకాకముందే జట్టు జాబితాను పుట్టిన తేదీల వరుసలో అచ్చు తీసి, ఒకే తేదీ పక్కపక్కన కనబడిన చోటల్లా ఆ కుటుంబాలకు ఫోన్ చేశాను. వారిలో నిజంగా కవలలున్న ఇళ్లూ తగిలాయి!

నిరుటి సమయాలు ఎందుకంత ముఖ్యమంటే, హీట్లు, అంటే ఒకేసారి కలిసి ఈదే గుంపులు, కూర్చేది వాటి ఆధారంగానే. మామూలు ఆరు లేన్ల పోటీలో అందరికన్నా వేగంగా ఈదేవారు 3వ లేన్‌లో, తర్వాతివారు 4లో, ఆ పైన వరుసగా 2, 5, 1, 6 లేన్లలో నిలుస్తారు. రెండు జట్ల పోటీలో ఒకరికి బేసి లేన్లు, మరొకరికి సరి లేన్లు కేటాయించి, ఆ హద్దుల్లోనే వేగాన్ని బట్టి సర్దుతారు. ఈ సర్దుబాటు ప్రోగ్రామ్‌కు క్షణంలో పని. పోటీ ఉదయం ఇద్దరు పిల్లలకు జ్వరమని కబురు వస్తే మాత్రం మళ్లీ మొత్తం సర్దించకూడదు. అప్పటికే హీట్ షీట్లు అచ్చయి, చిన్నపిల్లల చేతుల మీద హీటు, లేను అంకెలు మార్కర్‌తో రాసి ఉంటాయి కాబట్టి, ఖాళీ పడిన లేన్‌ను ఖాళీగా వదలడమో, అదే జట్టులోని మరొకరిని ఆ లేన్‌లోనే నిలపడమో చేయాలి.

ఈతగాడి చేయి తగలగానే సమయాన్ని నమోదు చేసే, గోడకు అమర్చే టచ్‌ప్యాడ్‌లు మా దగ్గర లేవు. డాల్ఫిన్ అనే వైర్‌లెస్ స్టాప్‌వాచీలు ఉన్నాయి, వాటితో లేన్‌కు మూడు దాకా వాడుకోవచ్చు. మూడూ పనిచేస్తే మధ్య సమయమే అధికారికం: 31.42, 31.45, 31.80 వస్తే 31.45 నిలుస్తుంది, ఆలస్యంగా నొక్కిన బొటనవేలు ఎవరికీ హాని చేయదు. రెండే ఉంటే సగటు తీసుకుంటారు: 31.45, 31.58ల సగటు 31.515, అందులో చివరి అంకెను సవరించకుండా వదిలేస్తే 31.51 మిగులుతుంది. వేయో వంతును పక్కన పెట్టడానికి వెనక చరిత్ర ఉంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల మెడ్లేలో (నాలుగు రకాల ఈతలు కలిసిన పోటీలో) గున్నార్ లార్సన్ 0.002 సెకన్ల తేడాతో టిమ్ మెకీని ఓడించాక, ఫలితాలను నూరో వంతు వరకే చూడాలని నియమం మార్చారు. లేన్ల పొడవులోనే అంతకు మించిన తేడాలుంటాయి కదా. అందువల్ల సమానమైన సమయాలు వస్తూనే ఉంటాయి. 2016 రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్, లె క్లోస్, చేహ్ ముగ్గురూ 51.14తో రజతం పంచుకోగా కాంస్యం ఎవరికీ దక్కలేదు. మా పోటీలో మొదటి స్థానం ఇద్దరికి వస్తే 5, 3 కలిపి చెరి 4 పాయింట్లు పంచడం ప్రోగ్రామ్‌కు తెలుసు. ఆ లెక్క తల్లిదండ్రులకు నచ్చజెప్పడం దాని పని కాదు.

సమయాలు నేరుగా తెర మీదకు వస్తున్నాయని కాగితాన్ని వదులుకోలేదు. ప్రతి లేన్ దగ్గరా టైమర్లు తమ వాచీల్లో కనిపించిన అంకెలను అట్టకు బిగించిన కాగితం మీద రాసేవారు. ఒక హీటులో ఎవరూ లేక స్టార్టర్ దాన్ని దాటవేస్తే, వాచీల వరుస అంకె ప్రోగ్రామ్‌లోని హీటుకు ఒకటి వెనకబడుతుంది, అప్పుడు ఒకరి సమయం మరొకరి పేరున పడుతుంది. ఆ కాగితాలు చేతిలో ఉంటే ఎక్కడ జారిందో చూసి ఆ హీటు నుంచి సరిదిద్దుకోవచ్చు. ఒక సాయంత్రం ఉరుము వినబడి అందరూ నీళ్లలోంచి బయటికి రావలసివచ్చింది. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలన్న నియమం వల్ల దొరికిన వ్యవధిలోనే అంతవరకూ జరిగిన ఫలితాలను కాగితాలతో పోల్చి, బ్యాకప్ తీసి ఎదుటి జట్టు ప్రతినిధి పెన్‌డ్రైవ్‌లో వేశాను.

రెండో సీజన్‌లో మా లీగ్‌లోని రెండు జట్లు మీట్ మాయెస్ట్రోకు మారాయి. వారి ఫైళ్లు మా దగ్గర ఇబ్బంది లేకుండా తెరుచుకుంటున్నాయి, కాబట్టి ప్రస్తుతానికి మేము మారలేదు; లీగ్‌లో సగానికి పైగా జట్లు అటు వెళితే మేమూ వెళ్లాలని జట్టు కమిటీ తీర్మానించింది. ఈలోగా బల్ల దగ్గర నా పక్కన మరొక తల్లిని కూర్చోబెట్టి పని నేర్పుతున్నాను, డిస్‌క్వాలిఫికేషన్ల నమోదు, రిబ్బన్ల లేబుళ్ల అచ్చు ఇప్పటికే ఆవిడ చేతిలో ఉన్నాయి.