కోర్సుకి వెళ్తే వెంట వెళ్లాలా?

మా వీధిలో ఒకమ్మాయికి మాఘంలో పెళ్లయింది, అబ్బాయి ఆర్మీలో పనిచేస్తున్నాడు. మొన్న కుళాయి దగ్గర నన్ను ఆపి, "అక్కా, ఆయనకి కోర్సు వచ్చిందట, ఏడాది దాకా పడతాదట, నన్నూ రమ్మంటన్నారు, మా అత్త వద్దంటంది, ఏటి సెయ్యమంటావు?" అని అడిగింది. వెళ్లమన్నాను. బిందె నిండేలోపు చెప్పగలిగింది అంతే, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మన శ్రీకాకుళం వైపు ట్రైనింగ్ అంటే పెద్దవాళ్లకి తెలిసింది కొత్తగా చేరినప్పటి రిక్రూట్ ట్రైనింగే. అందులో భార్యలకి చోటు లేదు. కోర్సు అలాంటిది కాదు, ఏళ్ల తరబడి సర్వీసు చేసిన మనిషిని మళ్లీ పుస్తకాలిచ్చి కూర్చోబెడతారు. మా బావ, అంటే మా ఆయన, మద్రాస్ సాపర్స్‌లో (ఆర్మీలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) ఉన్నాడు, బెంగళూరులో రిక్రూట్ ట్రైనింగ్ అయింది, తర్వాత సర్వే కోర్సుకని పూణె వెళ్లాడు, దాపోడిలో ఉన్న కాలేజ్ ఆఫ్ మిలిటరీ ఇంజనీరింగ్‌కి. "ఆడు సదువుకోడానికి ఎల్తన్నాడే అమ్మీ, నువ్వెల్లి ఏటి సేస్తావు?" అని మా అత్త అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయినా ఆమదాలవలసలో కోణార్క్ ఎక్కేశాను, ఒళ్లో ఏడాదిన్నర పాప.

మొదటి నెల మా అత్త మాటే నిజమేమో అనిపించింది. కోర్సుకి వచ్చినవాళ్లకి క్వార్టర్ దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు, మేము బయట ఒక గది, వంటిల్లు అద్దెకి తీసుకున్నాం. బావ తెల్లారకముందే పీటీకి వెళ్లిపోయేవాడు, తర్వాత క్లాసులు, సాయంత్రం గేమ్స్, రాత్రి వచ్చి నాలుగు ముద్దలు తిని నోట్సు ముందేసుకుని కూర్చునేవాడు. పాప ఏడిస్తే చదువు పాడవుతుందని నేను దాన్ని భుజాన వేసుకుని మేడ మీదకి వెళ్లి తిరిగేదాన్ని. మరాఠీ రాదు, హిందీ అంతంత మాత్రం, పక్కింటావిడతో సైగలతోనే మాట్లాడాను. మనిషి ఎదురుగా ఉన్నాడు గానీ మాట్లాడడానికి లేడు, అది దూరంగా ఉండడం కంటే కష్టంగా ఉండేది.

ఒకరోజు రాత్రి లెవెలింగ్ లెక్క, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచే లెక్క, తేలక తల పట్టుకుని కూర్చున్నాడు. బావ చదివింది ఇంటర్ వరకు, నేను బీఎస్సీ మ్యాథ్స్ చదివి పెళ్లయ్యాక మూలన పెట్టేసినదాన్ని. కాగితం ఇలా ఇమ్మని చూశాను. బ్యాక్ సైట్‌లన్నీ (ఎత్తు తెలిసిన చోటు వైపు చూసి తీసిన కొలతలు) కూడి అందులోంచి ఫోర్ సైట్‌ల (ముందున్న కొత్త చోటు వైపు తీసినవి) మొత్తం తీసేస్తే, చివరి లెవెల్‌కీ మొదటి లెవెల్‌కీ ఉన్న తేడా అంతే రావాలి, రాకపోతే ఎక్కడో కూడిక తప్పినట్టు. వరసగా చూసుకుంటూ వెళ్తే ఆరో లైనులో దొరికింది, ఒక అంకె తారుమారైంది. ఆ రాత్రి నుంచి పాప పడుకున్నాక ఇద్దరం ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. త్రికోణమితి నేను చెప్పేదాన్ని, కోణాలు కొలిచే థియోడలైట్ ఎలా నిలబెడతారో బావ స్టూలు మీద గ్లాసు పెట్టి చూపించేవాడు. మా పెళ్లయి అప్పటికి నాలుగేళ్లు, అన్ని మాటలు మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు, నిజం.

కోర్సు అయ్యాక బావ ఫీల్డ్ ఏరియాకి వెళ్లాడు. అక్కడికి ఫ్యామిలీని తీసుకెళ్లనివ్వరు. ఇప్పుడు సిగ్నల్ ఉన్నరోజు ఫోను, లేనిరోజు లేదు. పాప మాత్రం స్టూలు కనిపిస్తే దాని మీద గ్లాసు పెట్టి ఒక కన్ను మూసి చూస్తుంది. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుంది, నేను ఇక్కడే ఉండిపోయి ఉంటే అది నేర్చుకునేదా?

ఆ అమ్మాయికి ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. పెళ్లయిన సంగతి పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే జవాను సర్వీసు రికార్డులోకి వివరాలు ఎక్కించే ఆర్డర్‌లో, పడిందో లేదో ముందు అబ్బాయిని కనుక్కోమనాలి. రికార్డులో పేరు ఎక్కకపోతే డిపెండెంట్ కార్డు రాదు, ఆ కార్డు లేకపోతే గేటు దగ్గరా, ఎంఐ రూమ్‌లో (యూనిట్ దవాఖానా) మందు తీసుకోడానికీ ఇబ్బందే. మ్యారేజ్ సర్టిఫికెట్, జాయింట్ ఫోటోలు నాలుగైదు కాపీలు బ్యాగులో ఉండాలి. గది అద్దెకి మహారాష్ట్రలో మామూలుగా 11 నెలల అగ్రిమెంట్ రాయిస్తారు, డిపాజిట్ అడుగుతారు, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. పరీక్షలున్న వారం ఊరి గొడవలేవీ ఆయన చెవిన వేయొద్దు, మా ఆవు ఈనిందన్న కబురు కూడా నేను శనివారం దాకా దాచాను.

అక్కడ చోడిపిండి (రాగిపిండి) మనం తినేలాంటిది దొరకలేదు, రెండు కేజీలు ఆడించి ఇస్తానని ఆ పిల్లతో అన్నాను. అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతున్న మా అత్త చేట ఆపి, "రెండు ఏటి సరిపోతాదే, నాలుగు ఆడించు" అంది.