కిటికీ సీటు నుంచీ, బెలూన్ బుట్టలోంచీ ఫోటోలు

విమానంలోంచి మంచి ఫోటో రావాలంటే పని సీటు ఎంచుకునేటప్పుడే మొదలుపెట్టాలి. ఎండ పడని పక్క కూర్చోవాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పొద్దున్న వెళ్తుంటే ఎడమవైపు ఎ సీటు, సాయంత్రమైతే కుడివైపు ఎఫ్ సీటు. ఎండ నేరుగా కిటికీ మీద పడితే ప్రతి గీతా, ప్రతి వేలిముద్రా మెరుస్తుంది. ఆ మెరుపు ఏ ఎడిటింగుకీ లొంగదు.

తర్వాత రెక్క. ఎయిర్‌బస్ 320లో రెక్కకు ముందున్న వరుసలు మేలు. వెనక కూర్చుంటే ఇంజన్ నుంచి వచ్చే వేడిగాలి కిందున్న దృశ్యాన్ని నీళ్లలో చూసినట్టు కదిలిస్తుంది. షట్టర్ వేగం ఎంత పెంచినా అది పోదు. హైదరాబాద్ నుంచి రాజమండ్రి లాంటి ఊళ్లకు తిరిగే ఏటీఆర్ 72కి రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందికి చూపు బాగా ఆనుతుంది. దిగేటప్పుడు గోదావరి కనిపించే పక్క దొరికితే లంకలూ వంతెనలూ కళ్లముందే. ఫోన్‌తో తీస్తే మాత్రం ప్రొపెల్లర్ రెక్కలు వంకర్లు తిరిగి పడతాయి. సెన్సర్ బొమ్మను వరుసవరుసగా చదువుతుంది, ఈలోపు రెక్క తిరిగిపోతుంది. అది ఫ్రేములోకి రాకుండా చూసుకోవడమే మార్గం.

కిటికీని ఒకసారి దగ్గరగా చూడండి. మూడు పొరలుంటాయి. మధ్య పొర అడుగున గుండుసూది మొనంత రంధ్రం. పైకెళ్లాక దాని చుట్టూ పువ్వు విచ్చుకున్నట్టు మంచు స్ఫటికాలు పేరుకుంటాయి. అందుకే టేకాఫ్ తర్వాత మొదటి పది నిమిషాలు బంగారం లాంటివి. మంచు పట్టదు, నేల దగ్గర, మధ్యలో పొగమంచు తక్కువ.

పోలరైజర్ ఫిల్టర్ (మెరుపు తగ్గించడానికి లెన్స్‌కు తగిలించే అద్దం) ఇంట్లోనే వదిలేయండి. కిటికీ అక్రిలిక్‌ను సాగదీసి చేస్తారు. పోలరైజర్ పెడితే ఆ ఒత్తిడి గీతలన్నీ ఇంద్రధనుస్సు పట్టీల్లా బయటపడతాయి. మెత్తటి గుడ్డతో లోపలి పొర తుడిచి, లెన్స్‌ను అద్దానికి వేలెడు దూరంలో పట్టుకోండి. ఆనించారంటే విమానం వణుకు కెమెరాలోకి దిగుతుంది. రబ్బరు హుడ్డో, నల్ల చున్నీయో చుట్టూ అడ్డుపెడితే లోపలి దీపాల ప్రతిబింబం పడదు.

షట్టర్ 1/1000 సెకను, అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలన్న కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) ఎఫ్/4 నుంచి ఎఫ్/5.6. ఎఫ్/11 దాటితే అద్దం మీది గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆటోఫోకస్ ఆ గీతలనే పట్టుకుంటుంటే దూరపు మేఘం అంచు మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చండి. ఫోన్‌లో అయితే దూరంగా ఉన్నదాని మీద వేలు నొక్కి ఉంచి లాక్ చేయండి, ఫ్లాష్ ఆపేయండి. బోయింగ్ 787లో అద్దాన్ని బటన్‌తో పూర్తిగా పారదర్శకంగా చేయకపోతే ఫోటో నీలంగా వస్తుంది. పుణె, గోవాలోని డబోలిం లాంటి సైనిక విమానాశ్రయాల్లో నేల మీద ఉన్నంతసేపూ, టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడూ కెమెరా బ్యాగులోనే ఉండాలి.

బెలూన్‌లో లెక్కే వేరు. అద్దం లేదు. గాలితోపాటే వెళ్తుంది కాబట్టి కుదుపూ లేదు. టర్కీలోని కప్పడోకియాలో గాలి నిలకడగా ఉంటుందని తెల్లవారకముందే ఎగరేస్తారు, కాబట్టి మొదట ఇబ్బంది వెలుతురుతోనే. ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును ఎంత పట్టాలన్న కొలత) 1600, ఎఫ్/2.8, 1/125తో మొదలుపెట్టి, సూర్యుడు రాగానే ఐఎస్ఓ 200కి, 1/500కి మారండి. పక్క బెలూన్లు లాంతర్ల లాగా వెలిగేది బర్నర్ మండే రెండుమూడు సెకన్లే. బర్నర్ చప్పుడు దూరం నుంచి ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి దాన్ని నమ్ముకోకుండా కంటితో చూస్తూ బర్స్ట్‌లో (ఆగకుండా వరుసగా) తీయాలి. మంట తెల్లగా మాడిపోకుండా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి.

బుట్టలో మూల దొరికితే వదలొద్దు, రెండు వైపులా ఖాళీ ఉంటుంది. పైలట్ బెలూన్‌ను తిప్పుతుంటాడు, మీ వంతు వస్తుంది. 24-70 మి.మీ. జూమ్ లెన్స్ ఒక్కటి చాలు. పైన లెన్స్ మార్చడం వద్దు, చేయి జారితే కింద మనుషులుంటారు. కెమెరా పట్టీ మెడలో ఉండాల్సిందే. దిగబోతున్నామని పైలట్ చెప్పగానే కెమెరాను సంచిలో పెట్టి జిప్ వేసి, మోకాళ్లు వంచి, రెండు చేతులతోనూ తాడు పిడి పట్టుకోండి. బుట్ట పక్కకు ఒరగొచ్చు.