నాయన రాసిన లెక్క

జ్వరం తగ్గిందని ఇంటిల్లిపాదీ సంబరపడిన రాత్రే నేను పోవాల్సింది.

2022 సెప్టెంబరు. ఆ నెల మొదట్లో బెంగళూరులో కురిసిన వానలు గుర్తుండే ఉంటాయి. బెళ్లందూరు, మారతహళ్లి వైపు రోడ్లు చెరువులైపోయి సాఫ్ట్‌వేర్ వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. మేముండేదీ అటే. నీళ్ళు తీశాయి కానీ గుంతలు మిగిలాయి, గుంతల్లో దోమలు మిగిలాయి. రెండు వారాలకు నాకు జ్వరం, కళ్ళ వెనక పోట్లు, నడుము విరిగినట్టు నొప్పి. పరీక్ష చేస్తే డెంగీ. మూడో రోజుకు ఆసుపత్రిలో చేర్చారు.

కబురు తెలిసిన మధ్యాహ్నానికే నాయన హిందూపురం నుంచి బస్సెక్కి దిగిపోయాడు. చేతిలో ఒక సంచి, అందులో రెండు జతల బట్టలు, వేయించిన చెనక్కాయలు, చొక్కా జేబులో పట్టే చిన్న డైరీ. 33 ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరు. 2014లో రిటైరయ్యాడు. 2020 జనవరిలో ఆర్టీసీ వాళ్ళను ప్రభుత్వ ఉద్యోగులుగా కలుపుకున్నప్పుడు, "తొందరపడి పుట్టినాను లేమ్మా" అని నవ్వేసిన మనిషి.

మొదటి రోజు రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరు మా అందరికీ ఒకే మాట చెప్పాడు: ఎన్ని నీళ్ళు తాగుతోంది, యూరిన్ ఎంత వస్తోంది చూస్తుండండి అని. మా ఆయన విన్నాడు, మా అత్తగారు విన్నారు, నేనూ విన్నాను. రాసుకున్నది నాయనొక్కడే. స్టేజీ స్టేజీకీ టికెట్ల లెక్క రాసుకున్న చెయ్యి కదా. టైము కూడా బస్సుల టైమే. సాయంత్రం ఆరు అనడు, 18.00 అంటాడు.

మిగతా వాళ్ళందరి ధ్యాసా ప్లేట్‌లెట్ల మీదే. చుట్టాల వాట్సాప్ గ్రూపులో రోజూ అదే స్కోరు. 90 వేలు, 54 వేలు, 32 వేలు. ఎవరో బొప్పాయి ఆకు రసం పంపారు. తాగిన పావుగంటకు మొత్తం బయటికొచ్చేసింది. దాని సంగతి ఇంతకంటే చెప్పను. అమ్మ ఫోన్లో లేపాక్షి వీరభద్రస్వామికి మొక్కుకున్నానంది. "స్వామి ఆయన పని ఆయన చేస్తాడు, నువ్వు ఈ నీళ్ళు తాగు" అని నాయన గ్లాసు చేతికిచ్చాడు.

అయిదో రోజు మధ్యాహ్నం జ్వరం పోయింది. థర్మామీటరులో 98.4. గ్రూపు నిండా దండాలు పెట్టే చేతుల బొమ్మలు. ఆరేళ్ళ పిల్లాడు ఇంట్లో ఏడుస్తున్నాడని మా ఆయన వెళ్ళిపోయాడు. నాకు కడుపులో కుడివైపు నొప్పి మొదలైంది, రెండుసార్లు వాంతి కూడా అయింది. చెబితే ఇంటికి పంపరేమోనని గట్టిగా చెప్పలేదు. తెలివితక్కువతనం నాదే.

రాత్రి నాయన దుప్పటి సర్దుతూ నా పాదం పట్టుకుని ఆగిపోయాడు. "ఏమ్మా, కాళ్ళింత సల్లగున్నాయే? ఒంటికి పోయొచ్చి ఎంతసేపైంది?" నాకు గుర్తులేదు. ఆయన డైరీ తీశాడు. 16.15 తర్వాత అక్కడ ఏమీ లేదు. అప్పటికి 22.40.

సిస్టరును పిలిచాడు. ఆమె డ్యూటీ డాక్టరును పిలిచింది. కుర్రాడు, మన తెలుగబ్బాయే. మంచం దాకా రాలేదు, తలుపు దగ్గరే నిలబడి చార్టు చూశాడు. "జ్వరం లేదు. ప్లేట్‌లెట్స్ 32 ఉన్నాయి. బీపీ 90 బై 76, ఆడవాళ్ళకు మామూలే. పెద్దాయనా, మీరు పడుకుంటే ఆమె కూడా పడుకుంటుంది."

ఆ మాట నాకిప్పటికీ వినిపిస్తుంది. గొంతులో కోపం కూడా లేదు, విసుగంతే.

నాయన గొడవ పెట్టుకోలేదు. చిల్లర కోసం రోజుకు పదిమందితో తిట్లు తిన్న మనిషికి ఎక్కడ అరవకూడదో తెలుసు. డైరీ పట్టుకుని వెళ్ళి నర్సుల కౌంటరు ముందు నిలబడ్డాడు, అంతే. కూర్చోమంటే, "నిలబడేది నా ఉద్యోగమేనమ్మా" అన్నాడట. వాళ్ళు కన్నడంలో చెబితే ఈయనా కన్నడంలోనే బదులిచ్చాడు. హిందూపురం వాళ్ళకు అది పక్కింటి భాషే. గంట దాటినా కదల్లేదు. చివరికి ఒక పెద్ద సిస్టరు, మలయాళీ ఆమె, ఈయన్ని వదిలించుకోవడానికో, జాలిపడో, బీపీ మిషన్ తీసుకుని వచ్చింది. 84 బై 70. ఆమె మొహం మారడం నేను చూశాను. డ్యూటీ డాక్టరుతో మాట్లాడకుండా నేరుగా పెద్ద డాక్టరుకే ఫోన్ చేసింది.

తర్వాత నాకు తెలిసింది తక్కువ. పైన లైట్లు వెనక్కి పోతున్నాయి, పక్కన నాయన చెప్పుల చప్పుడు. ఐసీయూ తలుపు దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది. అప్పుడు భయమేసింది.

రెండు రోజులు ఐసీయూ, సెలైన్లు, ప్లేట్‌లెట్లు 14 వేలకు పడి మళ్ళీ లేవడం, ఒళ్ళంతా దురద. ఇవన్నీ డెంగీ వచ్చిన వాళ్ళు అందరూ చెప్పేవే. పెద్ద డాక్టరు తర్వాత వివరంగా చెప్పాడు. చాలామందికి అసలు ప్రమాదం జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజుల్లోనేనట. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది, రక్తం చిక్కబడుతుంది. బీపీలో పై అంకె ఒక్కటే చూస్తే చాలదు. పైదానికీ కిందదానికీ తేడా ఇరవైకి దగ్గర పడిందంటే కంగారు పడాలి. 90 బై 76 అంటే తేడా పద్నాలుగు. డైరీ చూసి, "ఇది రాసిందెవరు?" అని అడిగాడు. నాయన ఏదో తప్పు చేసినట్టు లేచి నిలబడ్డాడు.

కాబట్టి డెంగీ ఇంటికొస్తే, జ్వరం పోయిందని పండగ చేసుకోకండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన కాళ్ళు చేతులు, ఒంటికి రాకపోవడం కనిపిస్తే అర్ధరాత్రయినా సరే అడగండి. ఒళ్ళునొప్పులని బ్రూఫెన్ లాంటివి మింగకండి.

ఆ డ్యూటీ డాక్టరును డిశ్చార్జి ముందు రోజు చూశాను. కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, పక్కన చల్లారిన టీ. జాలి వేసింది. కోపం మాత్రం పోలేదు.

నాయన ఇంకో రెండు నెలలు మాతోనే ఉన్నాడు. నాకు జుట్టు ఊడిపోయి, కూర్చుంటే లేవలేని నీరసం. పిల్లాణ్ణి బడికి దింపేదీ తెచ్చేదీ ఆయనే. సాయంత్రమైతే డైనింగ్ కుర్చీలు వరసగా వేసి బస్సు కట్టేవాళ్ళు. పాత క్యాలెండరు చింపి టికెట్లు. పిల్లాడు లేపాక్షికి ఒకటి ఇమ్మంటే, "చిల్లర ఉంటేనే ఎక్కు" అని తాత గద్దించేవాడు. మనవడు గులకరాళ్ళు లెక్కపెట్టి ఇచ్చేవాడు. "రైట్ రైట్" అనే కేక కింది ఫ్లాటు దాకా వినిపించేదట.

2024 జనవరిలో ఒక సాయంత్రం ఫోన్ చేశాడు. నేను మీటింగులో ఉన్నాను. ఛాతీలో మంటగా ఉందన్నాడు. "గ్యాస్ అయ్యుంటుంది నాయనా, మాత్ర వేసుకుని పడుకో" అన్నాను. "సరేమ్మా, నువ్వు పని చూసుకో" అన్నాడు. తెల్లారుజామున అమ్మ ఫోన్ చేసింది.

ఇప్పుడెవరితోనైనా ఆ రాత్రి గురించి చెబుతూ ఆ డాక్టరును తిట్టబోతే, నా నోరు సగంలో ఆగిపోతోంది.

పెద్దకర్మకు వెళ్ళినప్పుడు ఆయన పెట్టె సర్దుతుంటే డైరీ కనిపించింది. ఆసుపత్రి లెక్క మొత్తం పదకొండు పేజీలు. చివరి పేజీలో నాలుగే వరసలు:

11.20 డిశ్చార్జి.
12.05 ఇల్లు. ఆటో 180.
12.10 పాప మెట్లు తనే ఎక్కింది.
12.30 పెరుగన్నం, గిన్నె ఖాళీ.