పడటం నేర్పే క్లాసు

"అమ్మా, ఎవరైనా నన్ను గట్టిగా పట్టేసుకుంటే ఏం చెయ్యాలి? కాలెత్తి తన్నడానికి జాగా ఉండదు కదా!"

రాత్రి అంట్లు డిష్‌వాషర్‌లో సర్దుతూ మా అమ్మాయి అడిగిన మాట ఇది. ఏడో ఏట మొదలుపెట్టి ఆరేళ్ళుగా తైక్వాండో నేర్చుకుంటోంది. నిరుడే ఎరుపు, నలుపు కలిసిన పూమ్ బెల్టు, అంటే పిల్లల బ్లాక్ బెల్టు, కట్టుకుంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తన దగ్గర అప్పటికే ఉంది. జూడో కూడా నేర్చుకుంటుందట, వారానికి రెండు రోజులు అది, రెండు రోజులు ఇది.

వద్దన్నాను. వద్దని ముందు అనేసి, కారణం తర్వాత వెతుక్కున్నాను.

దొరికిన కారణం ఘనంగానే ఉంది. రెండో విద్య కావాలంటే మనది నేర్చుకో, కర్రసాము ఉంది కదా అన్నాను. మాది విజయనగరం దగ్గర పల్లెటూరనీ, గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు మన వైపు మనిషేననీ, మా తాతయ్య గుడి వెనక కుర్రాళ్ళకి కర్ర తిప్పడం నేర్పేవాడనీ చెప్పుకొచ్చాను. అంతా శ్రద్ధగా విన్నది.

"నువ్వు నేర్చుకున్నావా అమ్మా?"

లేదు. అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. ఒకరోజు ఎవరూ లేనప్పుడు గోడకి ఆనించిన కర్ర తీసుకుని నాలుగుసార్లు తిప్పాను. తాతయ్య చూశాడు. కోప్పడలేదు, చేతిలోంచి మెల్లగా తీసుకుని "ఆడపిల్లవి, లోపలికెళ్ళమ్మా" అన్నాడు. ఆ కర్ర నున్నదనం ఇప్పటికీ అరచేతికి గుర్తుంది. నాకు ఎవరూ ఇవ్వని విద్యని వారసత్వమని నా కూతురికి ఇవ్వబోయాను. అది కూడా, తను అడిగినది ఇవ్వకుండా ఉండటానికి.

ఆ మర్నాడు ఇంకొకటి అన్నది. "అన్నయ్య స్కూల్లో రెజ్లింగ్‌లో చేరతానంటే అదే రోజు ఫారం మీద సంతకం పెట్టావు."

నిజమే. వాడు కొత్త షూస్ అడిగితే కూడా అంతకన్నా ఎక్కువ ఆలోచించాను. కుస్తీ పట్లలో కొడుకు ఎవరి మీద పడతాడో, వాడి మీద ఎవరు పడతారో నాకు తట్టనే లేదు. కూతురి దగ్గరికొచ్చేసరికి తట్టింది అదొక్కటే. నా భయం జూడో జపాన్‌ది అని కాదు. తైక్వాండో కొరియాది, ఆరేళ్ళలో ఏ రోజూ అది పరాయిదని నాకు అనిపించలేదు. భయం ముట్టుకోవడం గురించి. మగపిల్లవాడు కాలరు పట్టుకోవడం, నేల మీద అదిమి పట్టడం గురించి. దానికి సంస్కృతి అని పేరు పెట్టాను. రియో ఒలింపిక్స్‌లో సాక్షి మలిక్‌కి కుస్తీలో కాంస్యం వచ్చిన రోజు, మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయిన రోజు ఫ్యామిలీ గ్రూపులో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఊళ్ళో వాళ్ళ పిల్లల ధైర్యం చూసి పొంగిపోయాను, నా పిల్ల అడిగితే వద్దన్నాను.

అప్పుడు కూర్చుని చదివాను. తైక్వాండో పోటీల్లో ప్రత్యర్థిని పట్టుకుంటే గామ్‌జోం, అంటే ఎదుటివాళ్ళకి ఒక పాయింటు. కింద పడ్డా గామ్‌జోమే. ఆరేళ్ళుగా నా కూతురు దూరం కాచుకోవడం, తేలిగ్గా గెంతడం, పడకుండా ఉండటం నేర్చుకుంది. పట్టుకోవడం, పడటం అక్కడ రెండూ తప్పులే. జూడో సరిగ్గా ఆ రెండింటితోనే మొదలవుతుంది. రెండో విద్య ఎంచుకునే పిల్లలున్న వాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే: మొదటిది ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మొదలయ్యేది చూడండి. తైక్వాండో మీద కరాటే వేస్తే మళ్ళీ తన్నులే, గుద్దులే, పాయింట్ల లెక్క మాత్రం వేరు. పిల్లకి కొత్తగా అందేది తక్కువ, తికమక ఎక్కువ. బ్రెజిలియన్ జియు జిత్సు అయినా మంచిదే, కానీ అందులో ఆట ఎక్కువసేపు నేల మీదే నడుస్తుంది. దానికి నా మనసు ఇంకా సిద్ధంగా లేదు, అదీ అసలు సంగతి.

జూడోని కానో జిగోరో అనే ఆయన 1882లో టోక్యోలో మొదలుపెట్టాడు, వృత్తికి ఉపాధ్యాయుడు. ఒలింపిక్స్‌లోకి 1964లో వచ్చింది, మగవాళ్ళకి. ఆడవాళ్ళకి పతకాలివ్వడానికి 1992 దాకా పట్టింది. మా తాతయ్య ఒక్కడే కాదన్నమాట, ఆడపిల్లని లోపలికెళ్ళమన్నది.

చేర్పించాను. మొదటి రోజు బెంచీ మీద బిగుసుకుని కూర్చున్నాను. పూమ్ బెల్టు బ్యాగులో పెట్టి, గరుకైన బరువు కోటు వేసుకుని, మళ్ళీ తెల్ల బెల్టు కట్టుకుంది. గంటసేపు నేర్పింది పడటమే. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకి తగలకూడదు, చెయ్యి చాపి అరచేత్తో మ్యాట్‌ని ఫట్‌మని కొట్టాలి. ఆ దెబ్బలో పడ్డ జోరు చెదిరిపోతుందట. మొదట్లో చేతులు వెనక్కి పెట్టి కాచుకోబోయేది. చివరికి దాని చప్పుడు మిగతా వాళ్ళతో కలిసింది.

మూడో వారం అనుకుంటా, జోడీగా ఒక అబ్బాయి వచ్చాడు. దీని కంటే చిన్నవాడే. అదిమి పట్టాడు. నేను లేచి నిలబడ్డాను. ఇది వాడి భుజం మీద రెండుసార్లు తట్టింది. అంతే, వాడి చేతులు విడిపోయాయి. ఒక్క క్షణం కూడా ఆగలేదు. లేచి ఒకరికొకరు వంగి నమస్కారం చేసుకున్నారు. అలా తట్టడమంటే చాలు అనడం, అక్కడ ఆ మాటకి పదేళ్ళ పిల్లవాడు కూడా కట్టుబడి ఉంటాడు. నేను పెరిగిన ఇళ్ళల్లో ఆడపిల్ల చాలన్న మాటకి చేతులు అంత త్వరగా విడవడం నేను చూడలేదు.

ఇదంతా చదివి నాకు తెలివొచ్చిందనుకోకండి. తైక్వాండోలో పిల్ల కాలు ఇదివరకంత తేలిగ్గా లేవడం లేదు. పక్కకి తిరిగి గెంతే ఆ నిలుపుతో జూడోలో నిలబడితే కాలితో కాలు ఊడ్చి పడేస్తారు, రెండు చోట్లా రెండు రకాలుగా నిలబడాలి. వారానికి నాలుగు రోజులు ఎక్కువైందేమో. మోకాళ్ళ సంగతేమిటి? తెలుగు చదివే శనివారం పొద్దు కూడా ఇందులోనే పోయింది. కర్రసాము ఊసెత్తడం మానేశాను. అడిగితే ఈసారి ఇష్టంగా చెప్పాలని ఉంది, తను అడగటం లేదు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మ మనవరాలి మోచేతి మీద కమిలిన మచ్చ చూసింది.

"అదేమిటే, పిల్లకి ఏమైంది?"

"తైక్వాండోలో తగిలిందమ్మా" అన్నాను.

పక్కనే కూర్చున్న అమ్మాయి నా మొహంలోకి చూసింది. తర్వాత మెల్లగా చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది.