షెడ్డు కప్పుకి వాలు కంటే ముందు బరువు చూడండి

మంచు పడే చోట షెడ్డు కడుతున్నానని చెబితే చాలు, అందరూ అడిగేది ఒకటే, వాలు ఎంత పెడుతున్నావని. వాలు ముఖ్యమే, కాదనను. కానీ నన్నడిగితే అది రెండో ప్రశ్న. మంచు ఎలాగూ జారిపోతుందిలే అని సన్న వాసాలు వేస్తే, అది జారకుండా గడ్డకట్టి కూర్చున్న వారం ఒక్కటి చాలు కప్పు కూలడానికి.

లెక్క చూడండి. అప్పుడే పడిన పొడి మంచు ఘనమీటరుకు 50 నుంచి 100 కిలోలే ఉంటుంది. కొన్నాళ్లు అణిగితే 200 దాటుతుంది, దాని మీద వాన కూడా పడి నీళ్లు పీల్చుకుంటే 400 దాకా పోవచ్చు. 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పున్న బుల్లి షెడ్డు మీద 60 సెంటీమీటర్ల అణిగిన మంచు ఉంటే దాదాపు 1,500 లీటర్ల నీళ్ల ట్యాంకును సగానికి పైగా నింపి నెత్తిన పెట్టినట్టే, అంటే 900 కిలోలు. మీ ప్రాంతానికి ఎంత మంచు బరువు లెక్కలోకి తీసుకోవాలో భవన నిబంధనల్లో ఉంటుంది. నేను ఆ అంకె పట్టుకున్నాకే కాగితం మీద గీత గీశాను.

వాసాల విషయంలో కర్ర మందం కంటే లోతుదే, అంటే పై నుంచి కిందికి ఉండే కొలతదే పైచేయి. మందం రెట్టింపు చేస్తే బలం రెట్టింపే, అదే లోతు రెట్టింపు చేస్తే బలం నాలుగింతలు, వంగకుండా నిలబడే శక్తి ఎనిమిదింతలు. అందుకే వాసాన్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి బిగిస్తారు. ఆధారాల మధ్య దూరం సగం చేస్తే వంపు ఒత్తిడి నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి, వీలుంటే మధ్యలో ఒక దూలం వేసుకోండి, ఖర్చుకి తగ్గ పనే. రెండు వైపులా వాలున్న కప్పుకి ఇంకో గొడవ ఉంది: బరువు పడగానే వాసాల కింది కొసలు గోడల్ని బయటికి నెడతాయి. ఎదురెదురు వాసాల్ని కింది భాగంలో అడ్డకర్రతో కలిపి బిగించాలి. తల తగులుతుందని దాన్ని పైకి జరపాలనిపిస్తుంది, కానీ పైకి పోయేకొద్దీ దాని పట్టు తగ్గిపోతుంది.

ఇక వాలు. నేను 30 డిగ్రీల పైనే పెట్టి నున్నటి రేకు వేశాను. అయితే జారిన మంచు ఒక్కసారిగా ఎక్కడ పడుతుందో ముందే చూసుకోవాలి, చూరు కింద తలుపు పెట్టారంటే పొద్దున్నే పార పట్టుకోవాల్సిందే, లేదా కుప్ప నెత్తిన పడుతుంది. తలుపు ముక్కోణపు గోడ వైపు పెడితే ఆ టెన్షన్ ఉండదు. ఎత్తైన ఇంటి గోడకి ఆనించి షెడ్డు కట్టడం మాత్రం వద్దు, గాలి తెచ్చే మంచంతా ఆ మూలనే పేరుకుంటుంది, పై కప్పు నుంచి జారేది అదనం.

గాలికి కప్పు లేచిపోకుండా ప్రతి వాసాన్నీ గోడకి ఇనుప పట్టీతో బిగించండి, మేకులు ఒక్కటే సరిపోవు. మరీ ఎక్కువ పేరుకుంటే పొడవాటి కర్ర ఉన్న గొర్రుతో నేల మీద నిలబడే లాగండి, రెండు వైపులా కాస్త కాస్త చొప్పున. ఒక వైపే ఖాళీ చేస్తే బరువంతా రెండో వైపు మిగిలి కప్పు మెలితిరుగుతుంది.