అరిసెల డబ్బా

రాత్రి పదకొండున్నర దాటింది. వంటింటి గట్టు మీద స్టీలు డబ్బా అలాగే ఉంది. మూత మీద అమ్మ కట్టిన తెల్లగుడ్డ ముడి కూడా విప్పలేదు. మంచినీళ్లకని లేచి దాన్ని చూశాక ఇక నిద్ర పట్టలేదు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. బావ వింటేనా! మంగళవారం కలిసొచ్చింది, విజయనగరం పైడితల్లమ్మ దర్శనం చేసుకుని వద్దాం అన్నారు. బయల్దేరుతుంటే అమ్మ ఈ డబ్బా నా చేతిలో పెట్టింది. "కలెక్టరేట్ కాడ మన టీచరమ్మ కూకుంది కదే, పండగపూట కూడా ఇంటికెల్లలేదట. దార్లో ఇచ్చీసి రా" అంది. టీచరమ్మంటే మా వీధి అంగన్‌వాడీ టీచర్. మా చిన్నదాన్ని నెలనెలా తూకం వేసి, కార్డులో గీత కింద పడిందని నాకన్నా ముందు కంగారుపడిన మనిషి.

2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె. ఈరోజుతో ముప్ఫై ఆరు రోజులు. భోగి, సంక్రాంతి, కనుమ మూడూ టెంటులోనే. టెంటు ముందు రోడ్డు మీద పెద్ద ముగ్గు వేసి, మధ్యలో కనీస వేతనం 26,000 అని రంగులతో రాశారు. కారు అక్కడికి వచ్చేసరికి ట్రాఫిక్ వల్ల మెల్లగా వెళ్తోంది. డబ్బా నా ఒళ్లో ఉంది. అప్పుడే బావ అన్నారు, "పని మానేసి రోడ్డు మీద కూర్చుంటే జీతం పెంచెయ్యాలా? సోషలిజం అంటే ఇదే. ఒకడు కష్టపడాలి, పదిమంది పంచుకోవాలి." అక్క నవ్వింది. నేను ఆపమని అనలేదు. అద్దం కూడా దించలేదు. టెంటులో తల్లి పక్కన కూర్చున్న ఒక ఆడపిల్ల కారులోకి చూసింది. కారు ముందుకెళ్లిపోయింది.

అంతే జరిగింది. దీనికింత బాధెందుకని మా ఆయన అడిగితే చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న పనిచేసే జూట్ మిల్లు లాకౌట్ అయింది. గేటుకి నోటీసు అంటించిన రోజు నాన్న ఎప్పటి టైముకే సైకిల్ మీద వెళ్లి, పావుగంటలో తిరిగొచ్చాడు. చెప్పులు విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత గేటు ముందు షామియానా వేశారు. కింద పరుచుకున్నవి గోనె సంచులే, వాళ్లు నేసినవే. బడి వదిలాక నేను క్యారేజీ పట్టుకెళ్లేదాన్ని. నాన్న తినేదాకా ఆ గోనెల మీద కూర్చుని ఎక్కాలు రాసుకునేదాన్ని. గరుకుగా ఉండి కాళ్ల మీద గళ్లు గళ్లుగా అచ్చు పడేది. ఒకరోజు మా క్లాసమ్మాయి రిక్షాలో వాళ్ల నాయనమ్మతో వెళ్తూ నన్ను చూసింది. నేను చెయ్యి ఊపాను. తను తల అటు తిప్పేసుకుంది. మర్నాడు బళ్లో నేను ఆ పిల్ల పక్కన కూర్చోలేదు, చాలా రోజులు.

గేటు పక్కన టీకొట్టు ఉండేది. మిల్లు మూత పడితే ఆయన వ్యాపారమూ పడినట్టే. అయినా మూడు నెలలు టెంటులో అందరికీ టీ పోశాడు, పొడుగు నోటుబుక్కులో పేర్లు రాసుకుని. నాన్న పేజీ నేను చూశాను. నిలువు గీతలే, ఐదేసి గీతలకి ఒక అడ్డగీత. మిల్లు తెరిచాక నాన్న ప్రతి జీతంరోజూ ఇంటికి రాకముందే అక్కడ కొంత కట్టి వచ్చేవాడు. అమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ టీకొట్టాయన్ని ఏ ఇజంలో చేర్చాలో బావని అడగాలనిపించింది. లాభం కోసమే కొట్టు పెట్టాడు. పార్టీ సంగతులు మాట్లాడగా నేను వినలేదు.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర మళ్లీ అదే చర్చ. గారెలు వడ్డిస్తూ ఒక్క మాట అన్నాను. ఆంధ్రలో టీచర్‌కి నెలకిచ్చేది 11,500, ఆయాకి 7,000 అని. అందులో కేంద్రం ఇచ్చేది టీచర్‌కి 4,500. 2018 తర్వాత అది కదల్లేదు. తెలంగాణలో 13,650 ఇస్తున్నారు. దానికన్నా వెయ్యి ఎక్కువిస్తామన్న జగన్ హామీ ఏమైందనే వాళ్లడుగుతున్నారు. బావ పళ్లెంలోంచి తలెత్తకుండా "ఎక్కణ్ణుంచి తెచ్చిస్తారు? గ్రీసులా దివాలా తీద్దామా?" అన్నారు. ఆ తర్వాత నలభై నిమిషాలు ఆయనే మాట్లాడారు. 1991లో మన దగ్గర విదేశీ డబ్బు అయిపోయి బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టారు, పీవీ తలుపులు తెరవకపోతే నాకీ ఉద్యోగమే లేదు, మీరు వాడే ఫోనూ లేదు అని. నేను మాట అందుకోబోతే చెయ్యెత్తి ఆపడం, "నువ్వు ఎకనామిక్స్ చదవలేదు కదమ్మా" అనడం. ఆ మాట ఇప్పటికీ మండుతోంది. నెలకి 11,500తో ఇల్లు నడపడం ఏ పుస్తకంలో చదవాలి? అల్లుడి ముందు గొంతు లేవకూడదని అమ్మ కళ్లతో సైగ చేస్తుంటే పప్పుగిన్నె తీసుకుని లోపలికెళ్లిపోయాను. నేను డిగ్రీ చదివేటప్పుడు ఇదే బావ నాకు ఫీజు కట్టారు. అదీ మర్చిపోలేను.

అందరూ పడుకున్నాక గ్రీసు గురించి చదివాను. బావ చెప్పిందాంట్లో నిజం ఉంది. అక్కడి ప్రభుత్వాలు లోటు లెక్కలు దాచాయి. కానీ 2010 నుంచి అప్పిచ్చినవాళ్ల షరతుల మీద జీతాలు, పింఛన్లు కోస్తూ పోతే 2013కి నిరుద్యోగం 27 శాతం దాటింది. 2012 ఏప్రిల్‌లో 77 ఏళ్ల రిటైరైన ఫార్మసిస్టు ఒకాయన పార్లమెంటు ఎదురుగా, నిరసనలు జరిగే సింటగ్మా చౌరస్తాలోనే తుపాకీతో కాల్చుకున్నాడు. చెత్తకుండీల్లో తిండి వెతుక్కునే రోజు రాకముందే పోతానని చీటీ రాసి పెట్టాడట. 2015 జులై 5న జనాన్ని అడిగితే 61 శాతం ఆ షరతులు వద్దన్నారు. ఎనిమిది రోజులకే వాళ్ల ప్రభుత్వం ఇంకో షరతుల కాగితానికి ఒప్పుకుంది. వద్దన్నవాళ్ల మర్నాటి పొద్దు ఎలా ఉండుంటుందోనని చాలాసేపు ఆలోచించాను.

ఇక్కడ కోత అంటే గ్రీసులో లాగా పెద్ద ప్రకటన ఉండదు. 2015 కేంద్ర బడ్జెట్‌లో అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ పథకం కేటాయింపు సగానికి పైగా తగ్గింది. రాష్ట్రాలకి పన్నుల వాటా 32 నుంచి 42 శాతం చేశాం, మీరే చూసుకోండి అన్నారు. రాష్ట్రం ఖజానా ఖాళీ అంటుంది. చివరికి ఆ ఖాళీ టీచరమ్మ జీతంలో తేలుతుంది. దాన్ని జీతం అనడానికి కూడా లేదు, గౌరవ వేతనం అనాలి. వాళ్లు ఉద్యోగులు కారట. గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాక కూడా దానికోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. మొన్న 6వ తేదీన మాత్రం వీళ్లది అత్యవసర సేవ అని, సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. జీతం దగ్గర ఉద్యోగి కాని మనిషి, పని ఆపితే అత్యవసరమైంది. మధ్యాహ్నం ఈ మాట బావకి చెప్పాల్సింది, అప్పుడు తట్టలేదు.

ఇక్కడిదాకా రాసి బావ మీద గెలిచినట్టే అనుకున్నాను. కానీ సాయంత్రం అంట్లు తోమడానికొచ్చిన పిల్ల మాట గుర్తొచ్చింది. దానికి రెండేళ్ల బాబు, ఇప్పుడు మళ్లీ ఐదో నెల. "ముప్పయ్యారు రోజులయ్యింది అమ్మగారూ, మా గుంటడికి గుడ్డు లేదు, నాకు పాలు లేవు. ఆల్లకి రేపు జీతం పెరుగుతాది. మాకేటొస్తాది?" అంది. కోపంగానే అంది. నేను ఓదార్పుగా ఏదో చెప్పబోతే బకెట్ తీసుకుని బయటికెళ్లిపోయింది. బావ అంతసేపు మాట్లాడినా ఈ పిల్ల ఆయన లెక్కలోకి రాలేదు. నా లెక్కలోకీ రాలేదు. రాష్ట్రంలో 55,607 సెంటర్లు. ప్రతి సెంటరు పరిధిలోనూ ఇలాంటి వాళ్లుంటారు. సమ్మె ఆపెయ్యమనాలా? ఆపితే ఆ టీచరు ఇంకో ఐదేళ్లు అదే జీతానికి పనిచెయ్యాలి. ఆపకపోతే ఈ పిల్ల గుడ్డు లేకుండా ఉండాలి. ఇద్దరి ఇళ్లూ ఒకే వీధిలో ఉన్నాయి. ఒకరి దగ్గర కోసి ఇంకొకరి మీద రుద్దే ఈ పద్ధతికి పెట్టుబడిదారీ అని పేరు పెట్టినా ఇంకేం పెట్టినా నాకు నచ్చలేదు. బావకి ఆ సంగతి రేపు చెప్తాను, ఎకనామిక్స్ రాకపోయినా.

ఇంతలో అమ్మ లేచి వచ్చింది. గట్టు మీద డబ్బా చూసింది.

"ఇవ్వలేదేటే?"

జరిగింది చెప్పాను. ఏమీ అనలేదు. గుడ్డ విప్పి నాలుగు అరిసెలు తీసి కాగితంలో చుట్టి పొయ్యి పక్కన పెట్టింది, అంట్లు తోమే పిల్ల కొడుక్కి. మిగతావి సర్ది మళ్లీ ముడేసింది. "రేపు పొద్దున్నే ఆటోలో ఎల్లొచ్చేద్దాం, మీ బావ లెగకముందే" అంది.

బావ లేచాకే వెళ్దామన్నాను.