మూడుసార్లు ఖాళీ జెల్: కృత్రిమ కీలు నుంచి వచ్చిన క్రిమి జీన్లు చూడడంలో నా అనుభవం

ఈ మధ్యాహ్నం జెల్ (డీఎన్‌ఏ ముక్కలను విడదీసి చూపే పలక) మీద బ్యాండ్లు, అంటే జీన్ దొరికిందని చెప్పే గీతలు, పడ్డాయి, నాలుగోసారికి. కర్నూలులో ఇంకెవరైనా ఈ పనికి దిగితే మళ్లీ అదే గోతిలో పడకూడదని వెంటనే రాస్తున్నా.

మోకీలు మార్పిడి చేసినచోట చీము పట్టిన కేసు. ఆర్థో వాళ్లు ఆరు టిష్యూ ముక్కలు, ఒక్కోటి వేరే పరికరంతో తీసి, వేర్వేరు స్టెరైల్ డబ్బాల్లో పంపారు. నాలుగింట్లో స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ పెరిగింది. సెఫాక్సిటిన్ అనే యాంటీబయాటిక్ 30 మైక్రోగ్రాముల డిస్క్ చుట్టూ జోన్ (క్రిమి పెరగని వలయం) 16 మి.మీ. ఈ క్రిమికి 24 లేదా అంతకన్నా తక్కువ వస్తే, మెథిసిలిన్ రకం మందులకు లొంగకుండా చేసే మెక్‌ఏ జీన్ ఉన్నట్టే. ఇంతవరకు ఇబ్బంది లేదు.

కావాల్సిన జీన్‌ను లక్షల కాపీలు చేసి చూపే పీసీఆర్ దగ్గరే నలిగిపోయాను. మెక్‌ఏతో పాటు ఐసీఏ జీన్లు కూడా చూడాలి. క్రిమి లోహానికి, ప్లాస్టిక్‌కి పట్టుకుపోయేలా చేసే బంకను తయారుచేసేవి అవే. మొదటి జెల్ ఖాళీ. ప్రైమర్లు (జీన్‌ను వెతికి పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పాడయ్యాయనుకుని కొత్తవి కలిపాను, మళ్లీ ఖాళీ. మూడోసారి ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉండే 16ఎస్ జీన్‌కు కూడా పెట్టాను. అదీ రాలేదు. అంటే తప్పు ప్రైమర్లది కాదు, ట్యూబులో డీఎన్‌ఏనే లేదు. మొదటిరోజే 16ఎస్ పెట్టి ఉంటే వారం మిగిలేది.

క్రిమి నుంచి డీఎన్‌ఏ తీసే కిట్ అమ్మినాయన ఫోన్లో "గ్రామ్ పాజిటివ్ అన్నిటికీ పనిచేస్తుంది సార్" అని గట్టిగా చెప్పాడు. ఆ కిట్‌లో క్రిమి గోడను కోసే ఎంజైమ్ ఉన్నది లైసోజైమ్ ఒక్కటే. స్టాఫ్ (స్టెఫైలోకాకస్) గోడలో చక్కెర గొలుసుల మీద అసిటైల్ గుంపులు ఉంటాయి, వాటి వల్ల లైసోజైమ్ ఆ గోడను కోయలేదు. దానికి గ్లైసిన్ వంతెనలను తెంచే లైసోస్టాఫిన్ కావాలి. ఎపిడెర్మిడిస్‌లో ఆ వంతెనల్లో సెరీన్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి దాని బంధువు స్టెఫైలోకాకస్ ఆరియస్ కంటే మొండిది, మోతాదూ సమయమూ పెంచాలి. అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు, బఫర్లో ఏ ఎంజైమ్ ఉందో అడిగి రాయించుకోండి.

ఈసారి రాత్రి పెరిగిన తాజా కాలనీలను 180 మైక్రోలీటర్ల బఫర్లో కలిపి, లైసోస్టాఫిన్ మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాముల చొప్పున వేసి, 37 డిగ్రీల దగ్గర గంట ఉంచాను. కాలనీ ఎక్కువ వేస్తే ఎంజైమ్ చాలదు, చిన్న లూపుడు చాలు. మజ్జిగలా ఉన్న ద్రవం తేటపడింది. పిపెట్ మొన ఎత్తితే కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగింది. ఆ తీగే బయటపడ్డ డీఎన్‌ఏ, అది కనబడనిదే ముందుకు పోవద్దు. తర్వాత ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్ ప్రొటీనేస్ కె, 56 డిగ్రీలు, అరగంట.

సరిపోల్చుకోవడానికి కంట్రోళ్లుగా ఏటీసీసీ (ప్రామాణిక క్రిముల భాండారం) వారి ఎపిడెర్మిడిస్ రకాలు 35984, 12228 పెట్టాను. మొదటిదాంట్లో రెండు జీన్లూ ఉంటాయి, రెండోదాంట్లో ఏదీ ఉండదు. రోగి క్రిమిలో మెక్‌ఏ బ్యాండు మెరిసింది, ఐసీఏ రాలేదు. ఐసీఏ లేదు కాబట్టి బయోఫిల్మ్ (క్రిములు కట్టే అంటుకునే పొర) కూడా లేదని రాసేయకండి. ఏఏపీ లాంటి ప్రొటీన్లతో కూడా ఈ క్రిమి పొర కడుతుంది.

"చర్మం మీది క్రిమి, పట్టించుకోనవసరం లేదు" అని సంతకం పెట్టి పంపే రిపోర్టులంటే నాకు మంట. రెండు ముక్కల్లో అదే క్రిమి వచ్చిందంటే అది మురికి కాదు, జబ్బు. అలాంటి ఒక్క మాటతో ఓ మనిషి ఏడాదిపాటు నొప్పితో నడుస్తాడు. ఫార్మలిన్‌లో వేసి కల్చర్ అడిగే వాళ్లు కూడా ఇకనైనా మారాలి, అందులో పడ్డ క్రిమి బతకదు.

రిపోర్టులో ఇంకో వాక్యం చేర్చాను: రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే ఇవ్వొద్దు, ఆర్‌పీఓబీ జీన్‌లో ఒక్క మార్పుతోనే క్రిమి దాన్ని తట్టుకుంటుంది. మిగిలిన లైసోస్టాఫిన్‌ను చిన్న ట్యూబులకు పంచి మైనస్ 20లో పెట్టాను. మే నెల కరెంటు కోతలకు మళ్లీ మళ్లీ కరిగి గడ్డకట్టకుండా, ఫ్రీజర్‌లో ఐస్ ప్యాకుల మధ్య.